చదివి వినిపించండి, అధ్యక్షా

గడ్డి కోసే యంత్రం ఒకటి కొనాలా వద్దా అని మా ఊరు కిందటేడు గంటసేపు పోట్లాడుకుంది. శ్మశానంలో గడ్డి కోయడానికి లెండి. పాతదాన్ని బాగుచేయిస్తే పోలా అని ఒకరు, చచ్చినవాళ్ళకి అంత సోకు దేనికని ఇంకొకరు, మీ నాన్న కూడా అక్కడే పడుకున్నాడు కాస్త నోరు అదుపులో పెట్టుకో అని మూడోవారు. చివరికి కొన్నాం. మా కారో ఊళ్ళో మార్చి నెల ఊరిసభ అంటే అలాగే ఉంటుంది. బడి ఆటల హాల్లో ఇనప కుర్చీలు వేసుకుని, అల్లికలు ఒళ్ళో పెట్టుకుని, ఊరి డబ్బు ఎక్కడికి పోవాలో మేమే చెయ్యెత్తి తేల్చుకుంటాం. అమెరికా ఈశాన్య మూలనున్న మా మెయిన్ రాష్ట్రంలో చిన్న ఊళ్ళన్నీ అంతే.

అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కాబట్టే కిందటి డిసెంబరులో వాషింగ్టన్‌లో జరిగింది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. దేశం మొత్తానికీ పన్నుల చట్టం. వందల పేజీలు. అవి చేతికిచ్చి, తిరగేసే వ్యవధి కూడా ఇవ్వకుండా ఓట్లేయించేశారు. అంచుల్లో ఎవరో పెన్నుతో గిలికిన గీతలు కూడా చట్టంలో భాగమేనట. ఆ చట్టసభలో, అంటే కాంగ్రెస్‌లో, మా ప్రతినిధి విట్‌కమ్ కూడా గంగిరెద్దులా తల ఊపి వచ్చాడు.

అంతకుముందు నెల్లాళ్ళూ నేను ఆయన ఆఫీసుకి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. సందేశాల పెట్టె నిండిపోయిందని యంత్రం చెప్పేది. సరే, మనిషినే పట్టుకుందామని మంచులో బండి నడుపుకుంటూ ఆఫీసుకే పోయాను. గుమ్మంలో ఒక అమ్మాయి నవ్వుతూ నా చేతిలో రంగుల కాగితం పెట్టింది. దాని మీద విట్‌కమ్ ఒక ఆవు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఈయన్ని కలవాలమ్మా" అన్నాను.

"మీ అభిప్రాయం ఆయనకి చాలా విలువైనదండీ" అంది.

నా అభిప్రాయం ఏమిటో మాత్రం అడగలేదు.

ఆయన్ని కలవడం అంత కష్టమేమీ కాదని క్రిస్మస్ వారంలో తెలిసింది. మా సరస్సు ఒడ్డున కెస్లింగ్ అనే ఆసామికి వేసవి ఇల్లుంది. ఇల్లంటే పేరుకే ఇల్లు, మా బడికంటే పెద్దది. నగరాల్లో కార్లు నిలుపుకునే స్థలాల మీద కోట్లు గడించిన మనిషి. ఓటు వేరే రాష్ట్రం కనెక్టికట్‌లో, పడవలు మా దగ్గర. మా ఆయన రొజేర్ ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంటాడు. అడవిలో చెట్లు కొట్టే పనిలో మోకాలు పోయాక దొరికిన పని అదొక్కటే. చలికాలంలో మా పొయ్యి వెలిగేదీ, మందులు వచ్చేదీ ఆ జీతం మీదే. ఆ వారం కెస్లింగ్ పెద్ద విందు చేశాడు. మెట్ల మీద మంచు తియ్యడానికి రొజేర్, పిండి రేకులో ఆపిల్ ముక్కలు కూరి కాల్చే ఆపిల్ పైలు చేసిపెట్టడానికి నేను.

పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి విట్‌కమ్ కుర్చీలో జారగిలబడి కాళ్ళు బార్లా చాపుకుని ఉన్నాడు. ఆవు పక్కన నిలబడ్డ మనిషే, అనుమానం లేదు. కెస్లింగ్ ఆయన భుజం తట్టి, "ఇంతకీ ఆ పన్నుల చట్టమంతా చదివావటయ్యా?" అని అడిగాడు.

"నేను చదవడం దేనికి? రాసింది మీవాళ్ళేగా" అన్నాడు విట్‌కమ్.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నా చేతిలో వేడివేడి ఆపిల్ పై ఉంది. అది ఇద్దరిలో ఎవరి మొహాన కొట్టాలో తేల్చుకునేలోగా రొజేర్ వెనక నుంచి వచ్చి పళ్ళెం అందుకున్నాడు. నా వీపు చూసి కూడా నా కోపం చెప్పగలడు మా ఆయన.

"ఇంటికెళ్ళాక తిట్టుకుందువుగాని" అన్నాడు చెవిలో.

ఇంటికెళ్ళాక తిట్టాను. ఫిబ్రవరి దాకా తిడుతూనే ఉన్నాను.

ఫిబ్రవరిలో కెస్లింగ్ కన్ను మా ఊరి పన్ను మీద కూడా పడింది. సరస్సు ఒడ్డున హోటలూ, పడవల రేవూ కడతాడట. వాటి మీద ఊరికి రావలసిన పన్నులో ముప్పాతిక వంతు ఇరవై ఏళ్ళపాటు ఊరే ఆయనకి తిరిగి ఇచ్చేయాలట. బదులుగా మాకు కొత్త ఫైరింజన్. మా పాత ఫైరింజన్ సంగతి నలుగురిలో చెప్పుకుంటే సిగ్గుచేటు. కిందటి చలికాలం అది మూలుగుతూ చేరేసరికి కాలాల్సిన పశువుల కొట్టం కాలి చల్లారిపోయింది. అందుకని కొత్త బండి అనగానే ఊరంతా లొట్టలేసింది. పోస్టాఫీసు తలుపు మీద అంటించిన సభ నోటీసులో ఆ ఒప్పందానికి ఒకే ఒక్క వాక్యం రాశారు. అసలు ఒప్పందం మాత్రం సభ ఎల్లుండి అనగా ఊరాఫీసుకి చేరింది. తలకింద పెట్టుకుని పడుకోవచ్చు, అంత లావు కట్ట.

ఊరాఫీసు గుమాస్తా మా ఆడపడుచు జెర్మేన్. "చదివావా?" అని అడిగాను.

"నాకేం పనిలేదనుకున్నావా నోయెల్లా? కుక్కల లైసెన్సులు రాయడానికే పొద్దు చాలడం లేదు."

"మరి ఎవరూ చదవకుండా చేతులెలా ఎత్తుతాం?"

"లాయరమ్మ చదివిందట. భేషుగ్గా ఉందట."

"ఎవరి లాయరు?"

జెర్మేన్ ఇంకో కుక్క లైసెన్సు ముందుకు లాక్కుంది. "కెస్లింగ్ లాయరేలే" అంది.

ఆ సాయంత్రం రొజేర్ బూట్లు విప్పుతూ, ఒక బూటు చేతిలోనే ఉంచుకుని మాట మొదలుపెట్టాడు. "నోయెల్లా, ముందే చెబుతున్నా. శనివారం సభలో నువ్వు లేచావంటే సోమవారం నాకు పనుండదు. ఆయన ఎదురుగానే కూర్చుంటాడు. విట్‌కమ్‌ని కూడా వెంటేసుకొస్తున్నాడు."

"అయితే నన్నేం చేయమంటావు?"

"అల్లుకో."

"ఏం అల్లుకోను?"

"ఏదో ఒకటి. పెద్దది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "మరి నువ్వు?" అన్నాను.

"నేను వంటింట్లో ఉంటా. సభలో మధ్యాహ్నం భోజనాలకి బీన్సు వండేది నేనేగా. కార్డు తీసుకోను. చేతిలో కార్డే లేకపోతే ఎత్తేదేముంది?"

గుమ్మం దగ్గర జెర్మేన్ జాబితాలో పేరు చూసి పసుపుపచ్చ కార్డు ఇస్తుంది. అదెత్తితేనే ఓటు. అది తీసుకోకుండా తప్పించుకోవడం మా ఆయన ఉపాయం. కోపమొచ్చింది, అంతకు రెండింతలు జాలేసింది. ఆ మోకాలితో ఈయనకి ఇంకెవరు పనిస్తారు? నోరు విప్పనని మాత్రం మాటివ్వలేదు. "చూద్దాంలే" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నా "చూద్దాంలే"కి అర్థమేమిటో ఆయనకి తెలుసు. ఆ రాత్రి ఇద్దరం సరిగ్గా తినలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. మా సభాధ్యక్షుడు ఎల్డన్ ఫ్రై, బంగాళాదుంపల రైతు, గొంతు సవరించుకుని చెక్కసుత్తితో బల్ల మీద కొట్టాడు. ఊళ్ళో ఓటు లేనివాళ్ళకి బాస్కెట్‌బాల్ వలకింద విడిగా ఒక వరస వేస్తాం. అందులో కెస్లింగ్, ఆయన లాయరమ్మ, విట్‌కమ్ కూర్చున్నారు. విట్‌కమ్ అందరి వైపూ చెయ్యి ఊపాడు. అలవాటు కొద్దీ కొందరు తిరిగి ఊపారు కూడా.

రోడ్ల మీద మంచు తీయించడం, లైబ్రరీ పైకప్పు, మంచు మీద చల్లే ఇసుక కొనుగోలు అయ్యాయి. ఒప్పందం వంతు వచ్చేసరికి వంటింట్లోంచి బీన్సు వాసన హాలంతా కమ్మేసింది. రాత్రంతా గుంటలో నిప్పుల మీద పంది కొవ్వుతో, బెల్లపు పాకంతో మగ్గిన బీన్సు. ఆ వాసనకి మా ఊళ్ళో ఎవరి బుద్ధీ నిలవదు. ఎల్డన్ కట్టని ఎత్తి చూపించి ఏటా అనే మాటే అన్నాడు.

"ఇది చాలా పొడుగుంది. చదవడం మానేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

ఏటా ఎవరూ ఉందనరు. చదివితే భోజనం ఆలస్యమవుతుంది కదా. అభ్యంతరం లేదనుకుని ఎల్డన్ సుత్తి బల్ల మీద దించేస్తాడు, చేతులు లేస్తాయి, పళ్ళేలు మోగుతాయి. మేం ఏటా చేసే ఈ బద్ధకపు పనినే వాషింగ్టన్‌లో పెద్ద ఎత్తున చేశారని అప్పుడు తట్టింది నాకు. వంటింటి గుమ్మం వైపు చూశాను. రొజేర్ గరిటె పట్టుకుని నన్నే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల కాస్త ఆడించాడు. నాకు భయం వేసింది, అబద్ధం దేనికి. పొయ్యి, మందులు, ఆ మోకాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అల్లిక మీదికి తల వంచేశాను కూడా. అంతలో విట్‌కమ్ ఆవులించి కాళ్ళు చాపాడు. ఇక ఆగలేకపోయాను.

"అభ్యంతరం ఉంది, అధ్యక్షా."

ఎల్డన్ సుత్తి గాల్లోనే ఆగింది. "ఏమిటి నోయెల్లా?"

"చదివి వినిపించండి."

"మొత్తమా?"

"మొత్తం."

హాలంతా ఒక్కసారి మూలిగింది. "బీన్సు మాడిపోతాయే తల్లీ" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

"మాడితే ఒక పూటే. ఇది ఇరవై ఏళ్ళు" అన్నాను.

ఒక్కరు అభ్యంతరం చెప్పినా చదివి తీరాలి, మా నియమం అది. ఎల్డన్ కళ్ళజోడు పెట్టుకుని నావైపు ఒక చూపు చూసి మొదలుపెట్టాడు. చదివాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ చదివాడు. "ఇందుమూలముగా", "పైన పేర్కొన్న", "సదరు" అంటూ అది సాగుతూనే ఉంది. ముసలివాళ్ళు కునుకు తీశారు. పక్కావిడ తన కుర్చీని నానుంచి కాస్త దూరం జరుపుకుంది. ఊరంతా ఆకలి మీదుంది, ఆ ఆకలికి కారణం నేను. వంటింటి గుమ్మం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు ఎల్డన్ ఒక చోటికి వచ్చాడు. "సదరు అగ్నిమాపక వాహనము కెస్లింగ్ కంపెనీ సొత్తుగానే ఉండును. కంపెనీ కోరిన మీదట ఊరు దానిని తిరిగి అప్పగించవలెను."

మా ఫైర్ చీఫ్ లైల్ కునికిపాట్లలోంచి తల ఎత్తాడు. "ఆగండాగండి. ఆ ముక్క మళ్ళీ చదవండి."

ఎల్డన్ మళ్ళీ చదివాడు.

"అంటే బండి మనది కాదా?"

"కాగితం ప్రకారం కాదు లైల్."

"మరి పన్ను?"

"అది ఎటూ ఆయనదే."

కునుకులన్నీ వదిలిపోయాయి. అల్లికలు ఆగాయి. కెస్లింగ్ లేచి కోటు సర్దుకుని, చేతులు చాచి నవ్వాడు. "మిత్రులారా, కంగారు పడకండి. కాగితాల్లో మామూలుగా రాసే భాష అది. నేను వివరంగా చెబుతాను, అసలు..."

ఎల్డన్ సుత్తి టక్కున పడింది. "కూర్చోండి సార్. మీకు ఈ ఊళ్ళో ఓటు లేదు. మాట్లాడాలంటే సభ అనుమతివ్వాలి. మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి."

కెస్లింగ్ మొహం చూడాలి అప్పుడు. కూర్చోమని ఆయనతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో మరి. పెద్దమనిషి తరహాలో విట్‌కమ్ లేచాడు. "అధ్యక్షా, మీ ప్రతినిధిగా నేనొక రెండు నిమిషాలు..."

"మీకూ ఇక్కడ ఓటు లేదండీ. మీరూ కూర్చోండి."

విట్‌కమ్ కూర్చున్నాడు. ఎల్డన్ సభ వైపు తిరిగాడు. "ఇద్దరికీ అనుమతిద్దామా? ఎవరికైనా అభ్యంతరమా?"

మావాళ్ళకి మొహమాటం ఎక్కువ. ఒకసారి దారితప్పి వచ్చిన చీపుళ్ళు అమ్మేవాడికి కూడా అనుమతిచ్చి, పావుగంట విన్నారు. ఇప్పుడు అందరి తలలూ నావైపే తిరిగాయి.

"ఉంది" అని లేచాను.

"పోనీలేవే నోయెల్లా, మన గడప తొక్కినవాళ్ళు" అంది పక్కావిడ.

"తొక్కినవాళ్ళే, కాదనను. నేనూ వీళ్ళ గడప తొక్కాను, నెల్లాళ్ళు ఫోన్లూ చేశాను. ఈ విట్‌కమ్ గారు నా మాట ఒక్కటి విన్నారా? పెట్టె నిండిపోయిందన్నారు. ఆవు బొమ్మ చేతిలో పెట్టి పంపించారు. దేశమంతా కట్టే పన్నుల మీద చదవకుండా ఓటేసి వచ్చి, రాసింది మీవాళ్ళేగా అని ఈయన నవ్వితే కెస్లింగ్ గారు నవ్వారు. నా చెవులతో విన్నాను, ఆపిల్ పై పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. వాళ్ళకి టీవీలో నోరుంది, వాషింగ్టన్‌లో నోరుంది, విందుల్లో నోరుంది. మనకి నోరున్నది ఈ ఒక్క హాల్లో. ఇక్కడ కూడా వాళ్ళే మాట్లాడి మనమే వినాలా? నేనొప్పుకోను."

కూర్చున్నాను. విట్‌కమ్ మొహం మెడ దాకా ఎర్రబడింది. కెస్లింగ్ మాత్రం నావైపు చూడలేదు. వంటింటి గుమ్మం వైపు తల తిప్పి, రొజేర్‌ని చూశాడు. ఊరికే చూశాడు, అంతే. మాట్లాడింది నేను, లెక్క తీర్చుకునేది మా ఆయనతో.

"అనుమతి ఇవ్వాలనేవాళ్ళు కార్డులెత్తండి" అన్నాడు ఎల్డన్. చాలానే లేచాయి. మొహమాటం కార్డులు, ఫైరింజన్ ఆశ చావని కార్డులు. జెర్మేన్ లెక్కపెట్టింది. "ఇక వద్దనేవాళ్ళు..."

"ఒక్క నిమిషం అధ్యక్షా."

రొజేర్ గొంతది. గరిటె గుమ్మంలోనే పెట్టేసి, నడుముకి ఏప్రన్‌తో, ఎడంకాలు ఈడ్చుకుంటూ హాలు మధ్యలోంచి నడిచాడు. నేరుగా జెర్మేన్ బల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"కార్డు."

జెర్మేన్ తమ్ముడి మొహంలోకి చూసింది. ఎవరైనా సరే పేరూ వీధీ చెప్పందే కార్డివ్వకూడదు. "పేరు?" అంది.

"రొజేర్ థెరియో."

"వీధి?"

"చిన్నప్పుడు నన్ను మంచులోకి తోసేదానివే, ఆ వీధి."

"పేరు చెప్పాలి."

"చర్చి వీధి."

జెర్మేన్ జాబితాలో గీత గీసి కార్డిచ్చింది. రొజేర్ వెనక్కి పోలేదు. హాలు మధ్యలోనే, కెస్లింగ్‌కి ఎదురుగా నిలబడి కార్డెత్తాడు. కోపంగా కాదు. వాన పడుతుందా అని ఆకాశం చూసే మనిషిలా నింపాదిగా ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చేసింది. నా చేతిలో కార్డుందని కూడా మర్చిపోయాను, పక్కావిడ మోచేత్తో పొడిచాక ఎత్తాను. అప్పటికే ఆవిడది లేచి ఉంది. లైల్‌ది లేచింది. వెనక వరసలు లేచాయి. ఇందాక ఇవ్వాలన్నవాళ్ళలో కొందరు సిగ్గుపడుతూ మళ్ళీ ఎత్తబోతే, రెండుసార్లు ఓటేయడం కుదరదని ఎల్డన్ కసిరాడు.

అనుమతి దొరకలేదు. ఇద్దరూ నోరు మూసుకుని మిగతా పేజీలన్నీ విన్నారు. ఆ తర్వాత ఒప్పందం మీద ఓటింగ్ ఎంతోసేపు పట్టలేదు. ఓడిపోయింది. కెస్లింగ్, విట్‌కమ్ తలుపు తోసుకుని వెళ్ళిపోయారు.

ఊరు నన్నేమీ భుజాల మీద ఎక్కించుకోలేదు. లైల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "చూడు నోయెల్లా, నువ్వు చేసింది తప్పని అనను. కానీ ఇప్పుడు నాకు బండి లేదు. వచ్చే చలికాలం నీ ఇల్లంటుకుంటే బకెట్లు పట్టుకుని రావాల్సిందే."

"రా. నేనూ ఒక బకెట్ పట్టుకుంటా" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన తల గోక్కుంటూ భోజనాల వరసలోకి వెళ్ళాడు.

బల్ల వెనక రొజేర్ బీన్సు వడ్డిస్తున్నాడు, పక్కన నేను రొట్టె ముక్కలు వేస్తున్నాను. క్షమించమని అడగాలనుంది. మంచి పని చేశావని చెప్పాలనీ ఉంది. రెండింటికీ బదులు రొట్టె ముక్కలు వేస్తూ పోయాను. అంతలో లాయరమ్మ మంచు తొక్కిన బూట్లతో లోపలికొచ్చి, వరస పక్కనుంచి బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"రొజేర్ గారూ, కెస్లింగ్ గారు చెప్పి రమ్మన్నారు. సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

వరసలో వాళ్ళంతా విన్నారు. నా చేతిలో రొట్టె విరిగింది. రొజేర్ చేతిలో ఉన్న పళ్ళెం నింపడం పూర్తిచేసి, దాన్ని ముందున్న ముసలాయనకి అందించి, అప్పుడు తలెత్తాడు.

"విన్నానని చెప్పండి. ఆయన భోంచేశాడా?"

"లేదు, కార్లో ఉన్నారు" అంది ఆమె, ఏం చెప్పాలో తెలియక.

"ఆకలేస్తే రమ్మనండి. వరసలో నిలబడాలి. భోజనం పది డాలర్లు, ఫైరింజన్ నిధికి." రొజేర్ గరిటె మళ్ళీ బీన్సులో ముంచాడు. "ఆయనకీ పదే. అందులో తిరిగి ఇచ్చేదేమీ ఉండదు."